ఎంతకాలమని సర్దుకుంటారు?

పన్నెండేళ్ల కిందటి సెక్టార్ మీటింగ్ ఒకటి నన్ను ఇప్పటికీ వదలదు. పశ్చిమ ప్రకాశంలో ఒక మండల కేంద్రం. నడి ఎండాకాలం, పైన రేకులు. ఇరవై ఆరు మంది అంగన్‌వాడీ టీచర్లు రిజిస్టర్లు ఒళ్లో పెట్టుకుని చాపల మీద కూర్చున్నారు. నేను వాళ్ల సూపర్‌వైజర్‌ని. ఒక్కొక్కరినీ పిలిచి నెల రిపోర్టు చూస్తున్నాను. ఒకామె కాగితంలో శిశు మరణాల దగ్గర ‘1’ అని ఉంది. తలెత్తకుండానే అడిగాను: “ఇది మొన్ననే చెప్పాలి కదమ్మా, రెండు రోజులు ఎందుకు ఆలస్యమైంది?”

“తప్పయింది మేడమ్” అంది. వెళ్లి తన చోట కూర్చుంది.

సాయంత్రం బస్టాండులో పక్క ఊరి టీచరు చెప్తే అసలు సంగతి తెలిసింది. ఆ బిడ్డ పుట్టినప్పుడు తూకం కిలో ఎనిమిది వందలు. నేను ఆలస్యం గురించి అడిగిన ఆ టీచరు పొద్దున ఒకసారి, దీపాలు పెట్టాక ఒకసారి ఆ ఇంటికి పోయేది. బిడ్డ రొమ్ము పట్టలేకపోతే పాలు పిండించి ఉగ్గుగిన్నెతో పట్టించింది. బిడ్డను గుండెకు హత్తుకుని వెచ్చగా ఎలా పడుకోబెట్టుకోవాలో తల్లికి దగ్గర కూర్చుని నేర్పింది. ఒంగోలు పెద్దాసుపత్రికి తీసుకెళ్లమని మూడుసార్లు చెప్పింది. మగవాళ్లు హైదరాబాద్‌లో బేల్దారి పనికి పోయి ఉన్నారు, ఇంట్లో బాలింత, ఒక ముసలామె. పందొమ్మిదో రోజు తెల్లవారుజామున బిడ్డ పోయింది. ఆ వేళకు టీచరు అక్కడే ఉంది. గుడ్డలో చుట్టింది కూడా ఆమే. “టీచరమ్మ చూసుకుంటదిలే అనుకుంటిమి” అని ఆ ముసలామె నలుగురిలో అన్నదట. రెండు రోజులు టీచరు అన్నం ముట్టలేదట. మూడో రోజు మా మీటింగ్.

నేను అడిగింది ఆలస్యం గురించి.

ఇప్పుడు రిటైరయ్యాను. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో నా నోట ఎక్కువసార్లు వచ్చిన మాట ఏదని వెనక్కి తిరిగి చూసుకుంటే ‘సర్దుకోండమ్మా’ అన్నదే కనబడుతోంది. బిల్లులు రాలేదు మేడమ్ అంటే, వచ్చే నెల వస్తాయి, సర్దుకోండమ్మా. సెంటర్ అద్దె ఆరు నెలలు బాకీ, ఇంటాయన తాళం వేస్తానంటున్నాడు అంటే, బతిమాలి సర్దుకోండమ్మా. ఆయా పోస్టు ఖాళీగా ఉంది, వంట, పిల్లలు, రిజిస్టర్లు నా ఒక్కదాని వల్ల కావట్లేదు అంటే, కొత్తామె వచ్చేదాకా సర్దుకోండమ్మా. నా పైవాళ్లు నాతో అన్న మాటే నేను కిందికి దించాను. అందరి కిందా ఉన్న ఆమెకు ఆ మాట దించడానికి మరో మనిషి లేదు. ఆమె దాన్ని తన ఇంటి డబ్బుతో, తన నిద్రతో, తన ఒంటితో సర్దుకుంది.

ఆ సర్దుబాటుకు మనం చాలా గొప్ప పేర్లు పెట్టాం. భూదేవంత ఓర్పు అన్నాం. నిబ్బరం అన్నాం. సేవాభావం అన్నాం. పెద్దలొచ్చిన ప్రతి సభలోనూ ఆ పొగడ్తలు విన్నాను, నేనూ పొగిడాను. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆమె ఓర్పును ఇన్నాళ్లూ మనం పథకానికి పెట్టుబడిగా వాడుకున్నాం. ఆ బాకీ ఇప్పటికీ తీర్చలేదు. ఎంత తట్టుకుంటే అంత బరువు పెట్టవచ్చని ఒక మనిషి మీద లెక్క వేయడం అన్యాయం.

అసలు ఆమె పనేమిటో పట్టణంలో ఉండే చాలామందికి తెలియదు. ‘పిల్లలకు గుడ్లు పెట్టే ఆమె’ అంటారు. 1975 అక్టోబర్ 2న దేశంలో 33 బ్లాకుల్లో మొదలైన ఐసీడీఎస్ పథకం ఆమె చేతిలో ఆరు సేవలు పెట్టింది: అదనపు పోషకాహారం, ప్రీస్కూల్ చదువు, ఆరోగ్య పోషణ బోధన, టీకాలు, ఆరోగ్య తనిఖీలు, అవసరమైన వాళ్లను ఆస్పత్రికి పంపడం. ఇప్పుడు దేశంలో దాదాపు 14 లక్షల కేంద్రాలున్నాయి. ఊళ్లో ఒక ఆడపిల్లకు నెల తప్పిందన్న సంగతి భర్త తరవాత తెలిసేది చాలాసార్లు ఈమెకే. గర్భిణికి రక్తం తక్కువగా ఉందా, ముర్రుపాలు పట్టారా పిండి పారబోశారా, ఏడాది బిడ్డ నెలనెలా తూకం పెరుగుతోందా, మూడేళ్లవాడికి మాటలు ఎందుకు రావట్లేదు, ఇవన్నీ ఆమె తలలో ఉంటాయి. బిడ్డ జబ్బ చుట్టూ రంగుల టేపు పెట్టి కొలత పదకొండున్నర సెంటీమీటర్లకు తగ్గితే ఆ బిడ్డ ప్రాణాపాయపు అంచున ఉందని పోల్చుకునేది ఆమే. వీటికి తోడు సర్వేలు. చాలాచోట్ల ఓటర్ల జాబితా పనికి బీఎల్ఓ కూడా ఆమే.

ఒక్క పూట ఆమె పక్కన కూర్చుంటే తెలుస్తుంది. తొమ్మిదికి తాళం తీసి, ఊడ్చి, నీళ్లు పట్టి, పిల్లల్ని ఇళ్ల నుంచి పిలుచుకొస్తారు. రానని ఏడ్చేవాణ్ణి ఆయా చంకనేసుకొస్తుంది. ఒకవైపు పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే, ఇంకోవైపు ఇరవై మంది పిల్లలు గోడమీది బొమ్మలు చూస్తూ పేర్లు చెబుతుంటారు. ఇంతలో గుడ్ల ఆటో వస్తుంది. అట్టల్లో నాలుగు పగిలి ఉంటాయి, మూడు మరీ చిన్నవి. తీసుకోనంటే ఆటో వెళ్లిపోతుంది, ఇక పది రోజులు గుడ్డు లేదు. తీసుకుంటే లెక్కలో ఆ ఏడూ ఆమె మెడకు. కిరాణా కొట్లో కొని ఆ లెక్క పూడ్చిన టీచర్లు నా సెక్టార్‌లో ఎందరో. గ్యాస్ అయిపోతే ముందు తన చేతి డబ్బు పెట్టాలి, బిల్లు ఎప్పుడొస్తుందో దేవుడికెరుక. పోపు గింజలకూ కూరగాయలకూ అరువు ఖాతా ఆమె పేరుమీదే ఉంటుంది, సర్కారు పేరుమీద ఉండదు. ఊళ్లో అరువు పెట్టేది మొహం చూసి. ఆమె తన పరువును తాకట్టు పెట్టి మన పిల్లలకు పప్పు వండుతోంది.

ఇక ఫోను. 2021 మార్చిలో పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చాక రిజిస్టర్ల బరువు తగ్గుతుందన్నారు. నేను చూసినంత వరకూ కాగితం పోలేదు, ఫోను వచ్చి చేరింది. తరవాత ముఖం గుర్తింపు వచ్చింది. రేషన్ తీసుకోవడానికి వచ్చిన బాలింత ముఖం ఫోనుకు చూపించాలి. కాన్పయి రక్తం లేక మొహం పీక్కుపోయిన పిల్లను ఫోను పోల్చుకోదు. ఓటీపీ పోయే నంబరు భర్తది, భర్త హైదరాబాద్‌లో పదో అంతస్తు మీద పనిలో ఉన్నాడు. సిగ్నల్ కోసం టీచరు చింతచెట్టు కిందికీ వాటర్ ట్యాంకు మెట్ల మీదికీ తిరుగుతుంది. బాలింత చంటిబిడ్డతో ఎండలో నిలబడి, “అక్కా, నన్నెరుగవా నువ్వు? నా కాన్పు దగ్గర ఉన్నది నువ్వే కదా” అంటుంది. ఎరుగుదును అన్న ఆమె మాటకు విలువ లేదు. ముప్పై ఏళ్లుగా ఊరందరి ముఖాలూ ఎరిగిన మనిషి, తన సాక్ష్యం చెల్లదని రోజూ అందరి ముందూ వినాలి. పై నుంచి ఫోను వస్తుంది, మీ సెంటర్ శాతం తక్కువుంది అని.

ఇంత పనికి ఇచ్చేదాన్ని జీతం అనరు, ‘గౌరవ వేతనం’ అంటారు. ఆ మాట వాడాల్సిన చోటు వేరు. తీరిక వేళల్లో సంఘసేవ చేసే, డబ్బు అవసరం లేని వాళ్లకు దారిఖర్చుకో గౌరవానికో ఇచ్చే సొమ్ము అది. పథకం ఆ మాటను ఎత్తి తెచ్చి, కూలికి పోతే తప్ప పొయ్యి వెలగని ఆడవాళ్ల మీద పెట్టింది. నా ఇరవై ఆరు మందిలో భర్త పోయినవాళ్లు ఆరుగురు, భర్త వదిలేసినవాళ్లు ముగ్గురు. వాళ్లెవరూ తీరికకు వచ్చినవాళ్లు కారు. 2018 అక్టోబరు నుంచి కేంద్రం లెక్కలో టీచరుకు నెలకు 4,500 రూపాయలు, ఆయాకు 2,250. రాష్ట్రాలు పైన కలుపుతాయి. అలా కలిపితే ఆంధ్రప్రదేశ్‌లో 2019లో టీచరుకు 11,500, ఆయాకు 7,000 అయింది. తెలంగాణలో 2021లో 13,650, 7,800 అయింది. ఆయా పొద్దుటి నుంచి పొగలో ఉండి వండి, కడిగి, పిల్లల ముడ్లు కడిగి, నిద్రపుచ్చి ఇంటికి పోతే రోజుకు గిట్టేది రెండు వందల ముప్పై చిల్లర.

ఇది అన్యాయమని అన్నది వీళ్లొక్కరే కాదు. 2013లో 45వ భారత కార్మిక మహాసభ, ప్రభుత్వ పథకాల్లో పనిచేసే వీళ్లను వలంటీర్లుగా కాక కార్మికులుగా గుర్తించాలని, కనీస వేతనం, సామాజిక భద్రత ఇవ్వాలని సిఫార్సు చేసింది. 2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టులో జస్టిస్ అజయ్ రస్తోగి, జస్టిస్ అభయ్ ఎస్. ఓకా ధర్మాసనం, 1972 నాటి గ్రాట్యుటీ చట్టం అంగన్‌వాడీ టీచర్లకూ ఆయాలకూ వర్తిస్తుందని తేల్చింది. ఇది పార్ట్‌టైమ్ పని అన్న వాదన చెల్లదంది. వీళ్ల సర్వీసు పరిస్థితులను ప్రభుత్వాలు పట్టించుకోవాల్సిన సమయం వచ్చిందని చెప్పింది. ఆ తీర్పు వచ్చిన రోజు మా టీచర్లు ఒకరికొకరు ఫోన్లు చేసుకుని ఏడ్చారు. డబ్బు వస్తుందని ఏడవలేదు. ‘మనం చేసేది పనేనంట’ అని ఏడ్చారు.

ఆ తరవాతి సంగతి అందరూ చూశారు. 2023 డిసెంబర్ 12న ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు సమ్మెకు దిగారు. జీతం పెంపు, గ్రాట్యుటీ వాళ్లడిగినవాటిలో ముఖ్యమైనవి. చలికాలం, రోడ్డు పక్క టెంట్లు, చంటిపిల్లలతో వచ్చినవాళ్లు, మోకాళ్ల నొప్పులతో కింద కూర్చోలేనివాళ్లు. 42 రోజులు సాగింది. మధ్యలో సెంటర్ల తాళాలు పగలగొట్టించారు. 2024 జనవరి 6న ఎస్మా ప్రయోగించారు. ఎస్మా అంటే అత్యవసర సేవల చట్టం. ఆ రోజు నాకు కలిగిన బాధ మాటల్లో పెట్టలేను. కూలి అడిగితే నీది స్వచ్ఛంద సేవ అన్నారు, చెయ్యి ఆపితే నీది అత్యవసర సేవ అన్నారు. నీళ్లు, కరెంటు, ఆస్పత్రి ఎంత అవసరమో నువ్వూ అంతే అవసరమని ప్రభుత్వమే రాతపూర్వకంగా ఒప్పుకున్న రోజది. ఆ ఒప్పుకోలు జీతం దగ్గర ఎందుకు రాలేదు? తెలంగాణలోనూ 2023 సెప్టెంబర్‌లో రోడ్డెక్కారు. రెండు చోట్లా ప్రభుత్వాలు మారాయి. మాటలు మారాయి. ఆమె పొద్దున్నే తీసే తాళం మారలేదు.

ఆశా కార్యకర్తల కథ ఇంతకు భిన్నం కాదు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చారు. నడిరాత్రి నొప్పులొస్తే 108కి ఫోను చేసి వెంట పోవడం, కాన్పయ్యాక నలభై రెండు రోజుల్లో ఆరుసార్లు ఆ గడప తొక్కడం వాళ్ల పని. ఆ ఆరు విడతల తిరుగుడుకూ కలిపి పథకం కట్టిన వెల 250 రూపాయలు. కరోనా కాలంలో ఇల్లిల్లూ తిరిగి జ్వరాలు అడిగినవాళ్లు వీళ్లే. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని పది లక్షల మందికి పైగా ఆశాలను అవార్డుతో గౌరవించింది. ప్రపంచం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ వారం కూడా పీహెచ్‌సీ మెట్ల మీద కూర్చుని, రావలసిన ఇన్సెంటివ్ రాలేదని వేళ్లు మడిచి లెక్కలేసుకుంటున్న ఆశాను నా కళ్లతో చూశాను. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో ఆశాలకు గ్రాట్యుటీ, 180 రోజుల ప్రసూతి సెలవు, 62 ఏళ్ల వరకు సర్వీసు ప్రకటించారు. సంతోషం. ఇరవై ఏళ్లపాటు ఊరి కాన్పులన్నీ మోసిన మనిషికి తన కాన్పుకు సెలవు కావాలని మనకు తట్టడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

డబ్బు ఒక్కటే కాదు నా బాధ. మనసు సంగతి ఎవరూ అడగరు. డాక్టరుకు, నర్సుకు, నాలాంటి సూపర్‌వైజర్‌కు కూడా ఒక వెసులుబాటు ఉంది. సాయంత్రం బస్సెక్కితే ఆ ఊరు వెనక్కి పోతుంది. టీచరమ్మకు ఆ బస్సు లేదు. ఆమె ఇల్లూ సెంటరూ ఒకే వీధిలో. బిడ్డ పోయిన ఆ ఇంటి ముందు నుంచే రోజూ నడవాలి. ఆ తల్లి బావి దగ్గర ఎదురవుతుంది, పెళ్లిలో పక్క విస్తరి ముందు కూర్చుంటుంది. భర్త కొడుతున్నాడని ఒక పిల్ల రాత్రి పది గంటలకు ఆమె తలుపే తడుతుంది. తెల్లారి ఆ భర్తే సెంటర్‌కొచ్చి, నా ఇంటి సంగతి నీకెందుకని తిడతాడు. ఊళ్లో తగాదాలు, కులాల పట్టింపులు, పార్టీల కక్షలు అన్నీ ఆ చిన్న గదిలోకి వస్తాయి. ఆమెకు జ్వరమొస్తే బదులుగా వచ్చే మనిషి ఎవరూ లేరు. అందుకే జ్వరంతోనే వస్తుంది. బీపీ బిళ్ల వేసుకోవడం మరిచిపోతుంది కానీ పక్కింటి గర్భిణి ఐరన్ బిళ్ల వేసుకుందో లేదో మరిచిపోదు.

ఒకసారి ఒత్తిడి తగ్గించుకోవడం మీద మాకు ఒకరోజు శిక్షణ పెట్టారు. కళ్లు మూసుకుని ఊపిరి నెమ్మదిగా పీల్చి వదలమన్నారు. మంచిదే, ప్రాణాయామం ఎవరికి చెడ్డది? కానీ ఆ హాల్లో కూర్చున్న వాళ్లలో సగం మందికి మూడు నెలలుగా డబ్బులు పడలేదు. ఒత్తిడి వాళ్ల ఊపిరిలో లేదు, వాళ్ల బ్యాంకు పాసుపుస్తకంలో ఉంది. గుండె నిబ్బరం నేర్పే ముందు, ఆ గుండె మీద మనం పెట్టిన రాయి తీయాలి.

తప్పులు చేసేవాళ్లు లేరా అని అడుగుతారు. ఉన్నారు. గుడ్లు అమ్ముకున్నవాళ్లకు, తలుపు తీయని వాళ్లకు నేనే మెమోలు ఇచ్చాను. అయితే పేపర్లో వచ్చే ఆ ఒక్క తాళం ఫోటో చూసి మిగతా ఇరవై ఐదు మందినీ దొంగల్ని చూసినట్టు చూడటం నేనెరుగుదును. కావాల్సిన తనిఖీ చేయండి. కానీ చిన్న గుడ్డు పంపినవాణ్ణి వదిలేసి, దాన్ని పుచ్చుకున్న ఆమెను నిలదీయకండి.

ప్రభుత్వాలను నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. చేసేది పని అని ఒప్పుకుని దానికి జీతం అన్న పేరూ, జీతం లాంటి మొత్తమూ ఇవ్వండి. గ్యాసుకు, కూరగాయలకు, అద్దెకు డబ్బు ముందు ఇవ్వండి, ఆమె అరువు మీద పథకం నడపకండి. ఫోను పనిచేయని రోజున ఆమె సంతకం చెల్లనివ్వండి. సెక్టార్‌కు ఒకరిద్దరు బదులు టీచర్లను పెట్టండి, ఆమెకు జ్వరమొస్తే పడుకునే హక్కు రావాలి. బిడ్డ పోయినా తల్లి పోయినా, ఆ వారం సూపర్‌వైజర్ రిజిస్టర్ అడగడానికి ముందు ఆమె ఇంటికి పోయి, కూర్చుని, అన్నం తిన్నావా అని అడగాలన్నది నియమం చేయండి. 2022 అక్టోబరు నుంచి టెలి మానస్ 14416 నంబరు ఉంది, మనసు బాగాలేనప్పుడు ఎవరైనా ఫోను చేయొచ్చు. ఊరందరికీ ఆ నంబరు చెప్పమని ఈమెకు నేర్పుతాం. అది నీకు కూడా అమ్మా అని ఒక్కసారి చెప్పి చూడండి.

ఊరివాళ్లనూ అడుగుతున్నాను. మీ బిడ్డకు గుడ్డు చిన్నదొస్తే ఆమె మీద అరవకండి, ఆమె పక్కన నిలబడి గ్రామసభలో అడగండి. మీ పిల్ల మొదటి ‘అ’ ఎవరి వేలు పట్టుకుని దిద్దిందో గుర్తు తెచ్చుకోండి.

మొదట చెప్పిన టీచరు 2023లో రిటైరయింది. ముప్పై ఏళ్ల సర్వీసు. నేను అప్పటికే ఇంటి దగ్గర ఉన్నా పిలిచారు, వెళ్లాను. శాలువా కప్పారు, పళ్లూ చీరా పెట్టిన పళ్లెం చేతికిచ్చారు. మాట్లాడిన ప్రతివాళ్లూ ఆమె ఓర్పునే పొగిడారు. నా వంతు వచ్చింది. ఏళ్ల తరబడి గొంతులో ఉన్న మాట అక్కడ చెప్పాను. ఆ రోజు నిన్ను అడగాల్సింది అది కాదమ్మా, క్షమించు అన్నాను. ఆమె లేచి నా చెయ్యి పట్టుకుంది. “పోనీలెండి మేడమ్, మీరు మాత్రం ఏం చేస్తారు” అంది. అప్పుడు కూడా నన్ను ఓదార్చింది ఆమే.

సభ అయ్యాక మెట్ల దగ్గర మెల్లగా అడిగింది: “మేడమ్, గ్రాట్యుటీ మాక్కూడా ఇవ్వాలని కోర్టు చెప్పిందంట కదా. నాకేమైనా వస్తుందా?” చట్టం ప్రకారం ఏడాదికి పదిహేను రోజుల జీతం. ముప్పై ఏళ్లకు, 11,500 మీద, రెండు లక్షలకు దగ్గరగా వస్తుంది. బస్సులో కూర్చుని లెక్క వేశాను. ఆమె మోకాళ్ల ఆపరేషన్‌కు, కొడుకు తెచ్చిన అప్పుకు సరిపోయే డబ్బు అది. నా నోటి చివరిదాకా ఆ పాత మాటే వచ్చింది. ఈసారి ఆపుకున్నాను. కనుక్కుని చెప్తానన్నాను.

ఎవరిని కనుక్కోవాలో ఎవరైనా చెప్పండి. ఆమె ఇంకా ఫోను చేస్తూనే ఉంది. సర్దుకోమని మాత్రం నేనిక చెప్పను.